నలభై ఒకటో నమూనా

"ఆపా, జర జల్ది రా."

ఫోనులో జుబేర్ అన్నది అంతే. ఏమైందని ఫిర్దోస్ అడగలేదు. అడిగితే తమ్ముడు ఏదో ఒకటి చెప్పాల్సి వచ్చేది. అడగనంత సేపూ అబ్బా పెబ్బేరులో తన మోటారు వైండింగు దుకాణంలో, గోడకు వీపు ఆనించి, కాళ్ళ మధ్య కాలిపోయిన బోరు మోటారు పెట్టుకుని కూర్చునే ఉంటాడు. కానీ జుబేర్ ఫోను పెట్టేసేలోగా వెనక నుంచి ఒక ఏడుపు వినిపించింది. ఆ ఏడుపు అమ్మీదని తెలిసిపోయింది. తను ల్యాబు టెక్నీషియనుగా పనిచేసే దవాఖానలోనే ఆయాగా చేసే రుక్కమ్మ ఫిర్దోస్ చెయ్యి పట్టుకుని గద్వాల బస్టాండు దాకా నడిపించింది. వనపర్తి పోయే బస్సు ఎక్కించి, కిటికీ పక్కన కూర్చోబెట్టి, "పానం గట్టి చేసుకో బిడ్డా" అని దిగిపోయింది. రుక్కమ్మకు కూడా తెలిసిపోయిందన్నమాట. ఫిర్దోస్ చేతులకు ఇంకా రబ్బరు తొడుగుల తెల్లపొడి అంటుకునే ఉంది. కడుక్కోవడం మరిచిపోయింది. కొంగుతో తుడుచుకుంటుంటే పొడి పోవడం లేదు, కొంగుకు కూడా అంటుకుంటోంది, కొంగు దులిపితే ఒళ్ళోకి రాలుతోంది. పక్కన కూర్చున్న ముసలామె జరిగి చోటిచ్చి, ఎక్కడికి పోతున్నావని అడిగింది. పెబ్బేరుకని చెప్పింది ఫిర్దోస్. సంతకా అంది ఆమె. అవును, ఇవాళ సంత. నిన్న అబ్బా తొందరపడింది కూడా దానికే. సంత రోజు రైతులు పశువులను తోలుకుని వస్తారు, వచ్చినప్పుడే బాగుచేసిన మోటార్లు తీసుకుపోతారు, వాళ్ళకు మాటిచ్చాను, మూడు మోటార్లు పూర్తి కావాలి అన్నాడు. అన్నాడు, లేచాడు, చెప్పులు వేసుకున్నాడు. ఆమె చూస్తూ ఉండిపోయింది.

అరవై నాలుగు. బస్సు ఊరు దాటుతున్నా ఆ అంకె కళ్ళ ముందు నుంచి కదలడం లేదు. రోడ్డుకు రెండు పక్కలా విత్తన పత్తి చేలు, వంగి పూలకు పుప్పొడి అంటిస్తున్న ఆడవాళ్ళ వీపులు, వాటి మీదుగా మిషన్ తెర మీద వెలిగినట్టే ఆకుపచ్చగా అరవై నాలుగు. ఇరవై దాటితే గుండెకు దెబ్బ తగిలినట్టు లెక్క అని ప్రశాంత్ చెప్పాడు. ప్రశాంత్ హైదరాబాదు నుంచి ఆ మిషన్ తెచ్చిపెట్టిన ఇంజనీరు. రెండు నెలలు ఇక్కడ వాడి చూడండి మేడం, మీ మామూలు పరీక్షలు మీరు చేసుకోండి, అదే నెత్తురు దీంట్లో కూడా పెట్టండి, రెండూ పోల్చి రిజిస్టర్‌లో రాయండి, కానీ దీని అంకె పేషంటుకు చెప్పకూడదు, ఇది ఇంకా పరీక్షలోనే ఉంది అన్నాడు. టిఫిను డబ్బా అంత ఉంటుంది అది. గుండె కండరం దెబ్బతింటే నెత్తురులోకి ఒక పదార్థం కారుతుంది. దాన్ని మాత్రమే పట్టుకునే పూత పూసిన ఇనుప రజను ఉంటుంది, కంటికి కనబడనంత సన్నది. నెత్తురు చుక్కలో దాన్ని కలిపి ఒక ప్లాస్టిక్ పట్టీ మీద వేస్తే, ఆ పదార్థం ఎంత ఉంటే అంత రజను పట్టీకి అతుక్కుంటుంది. పట్టీ కింద వెంట్రుకంత సన్నని రాగి తీగ చుట్ట ఉంటుంది. పైన ఎంత ఇనుము అతుక్కుందో అది పసిగట్టి అంకె చూపిస్తుంది. పావుగంట చాలు. మామూలు పరీక్ష కార్డు మీద గీత తేలాలంటే ఆ పదార్థం నెత్తురులో చాలా ఎక్కువ ఉండాలి, మనది అంతకంటే ముందే పట్టుకుంటుంది మేడం, రెండేళ్ళు దీని కోసమే తిరిగాను అన్నాడు ప్రశాంత్, మిషన్ మూత మీద చెయ్యి వేసి, పసిపిల్ల తల మీద వేసినట్టు.

కానీ అది మొదట్లో తప్పులు చెప్పింది కదా. చెప్పింది. ఏ జబ్బూ లేని మనుషులకు, రిజిస్టర్ చూపించడానికి వచ్చిన మెడికల్ షాపు నర్సింహులుకు కూడా నలభై, యాభై చూపించింది. ఆయన దుక్కలా తిరుగుతున్నాడు. ఒకసారి ఆమె మిషన్ అంకె తీసుకుపోయి డాక్టర్ అనంతయ్య గారికి చూపిస్తే ఆయన కళ్ళద్దాల మీదుగా చూసి, "ఆ డబ్బ మాట నాకు చెప్పకమ్మా, మనుషులు పరేషాన్ అయితరు" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేముంది? తప్పులు చెప్పే మిషన్ మాట ఎవరు నమ్ముతారు, నిన్న నేను నమ్మకపోవడంలో మాత్రం తప్పేముంది అని ఆమె తనకు తాను చెప్పుకుంది. బస్సు గుంతలో పడి లేచింది. చెప్పుకున్న మాట నిలబడలేదు.

ఎందుకంటే ఆ తప్పును పట్టుకుంది అబ్బానే. పది రోజుల కింద రాగి తీగ కొనడానికి గద్వాలకు వచ్చి, వచ్చినప్పుడల్లా చేసినట్టే దవాఖానకు వచ్చి, ల్యాబు గడప దగ్గర చెప్పులు విడిచి లోపలికి తొంగిచూశాడు. ఫకీర్ సాబ్ వచ్చిండు, టీ తెస్తానని రుక్కమ్మ పోయింది. ఆయన కళ్ళు మాత్రం ఆ డబ్బా మీదనే. ఇదేంది బిడ్డా అని అడిగాడు. ఆమె చెప్పింది. కింద తీగ చుట్ట ఉంటుంది అబ్బా, పైన ఇనుము వస్తే దానికి తెలుస్తుంది అంది. ఆయన ముఖం ఎట్లా వెలిగిందో. నలభై ఏళ్ళు తీగ చుట్టినవాడు. కాలిపోయిన మోటారులో ఏ గాడిలో తీగ కలిసిపోయిందో తెలుసుకోవాలంటే, కరెంటు ఇచ్చిన కాయిలు మీద దాన్ని పెట్టి, పైన ఇనుము కోసే ఆక్సా బ్లేడు ముక్కను మెల్లగా జరుపుతాడు. చెడిపోయిన చోటికి రాగానే బ్లేడు జుమ్మని వణుకుతుంది. చిన్నప్పుడు ఫిర్దోస్ వేలు ఆ బ్లేడు మీద పెట్టించి, "సూడు, ఏడ నొప్పి ఉందో అదే చెప్తది" అనేవాడు. వార్నిషు వాసన, ఆయన గోళ్ళ సందుల్లో నల్లటి మరక, వేలి కొన మీద ఆ చక్కిలిగింత. "మా ఆక్సా బ్లేడు పనే గదనే ఇది" అన్నాడు ఆ రోజు మిషన్ ముందు వంగి. తర్వాత కింద బల్లను వేళ్ళతో తట్టాడు. ఠంగున మోగింది.

"ఇనుప బల్ల మీద వెట్టిన్రేంది? కాయిలు పైనదే సూస్తదా, కింద ఉన్న ఇనుమును సూడదా? చెక్క బల్ల మీద వెట్టు. ఆ ఫ్రిజ్జుకు గూడ దూరంగ."

ఆ సాయంత్రం ఆమె ప్రశాంత్‌కు ఫోను చేసి చెప్పింది. ఇనుప బల్ల మీద పెట్టారా, నేను వచ్చినప్పుడు చెక్కది ఉండె కదా మేడం, అదే కారణం, చెప్పింది ఎవరు అన్నాడు. మా అబ్బా, మోటార్లకు వైండింగు చేస్తడు అంటే, ఒకసారి ఆయనను కలవాలి మేడం అన్నాడు నిజంగానే. మిషన్‌ను చెక్క బల్ల మీదికి మార్చింది. ఆ తర్వాత తొమ్మిది నమూనాలు చూసింది. తొమ్మిదింట్లో ఒక్కటీ తప్పు రాలేదు. అంటే నిన్నటికి అది తప్పులు చెప్పే మిషన్ కాదు. ఆ సంగతి దవాఖానలో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. డాక్టరుకు తెలియదు, రుక్కమ్మకు తెలియదు, ఆమెకు తెలుసు. పత్తి చేలు అయిపోయాయి, ఎర్రవల్లి చౌరస్తాలో బస్సు ఆగింది, దిగేవాళ్ళు దిగుతున్నారు, ఎక్కేవాళ్ళు తోసుకుంటున్నారు, ఎవరో జామపండ్లు కిటికీలోకి పెట్టి కొనమంటున్నారు. ఆమెకు తెలుసు.

నాగర్‌కర్నూల్ నుంచి తనను ఇంటికి తెచ్చిన రోజు కూడా అబ్బా జామపండ్లు కొన్నాడు. ఎనిమిదేళ్ళు అయింది. నిఖా అయిన రెండో ఏడు, అత్తవారింట్లో వంటింటి పక్క చీకటి గదిలో ఆమె మూడు రోజులుగా ఎవరితోనూ మాట్లాడకుండా ఉందని ఎవరో చెప్తే, టీవీఎస్ బండి మీద పొద్దున్నే బయలుదేరి వచ్చాడు. వాళ్ళతో గొడవ పెట్టుకోలేదు. గోడకు తగిలించిన ఆమె బుర్ఖా తీసి చేతికిచ్చి, "నడువు బిడ్డా" అన్నాడు. దారిలో వెనక కూర్చుని ఆమె ఏడ్చినంత సేపూ బండి ఆపలేదు, వెనక్కి తిరగలేదు, ఏడుపు అయిపోయాక పాన్‌గల్ దగ్గర ఆపి జామపండ్లు కొని, ఉప్పుకారం ఎక్కువ వేయించి, తిను అన్నాడు. ఇంటికి వచ్చాక బంధువులు మళ్ళీ సంబంధాలు తెస్తుంటే, "నా బిడ్డ సదువుకుంటది" అని ఒకటే మాట. మహబూబ్‌నగర్‌లో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేర్పించాడు. నెత్తురు చూసి మొదటి రోజే కళ్ళు తిరిగి పడిపోయానని ఆమె ఫోనులో ఏడిస్తే, "నేను కరెంటు షాకు తినకుంటనే పని నేర్సుకున్ననా" అని నవ్వాడు. ఆ నవ్వు ఎట్లుండేది? గొంతులో మొదలై దగ్గుతో ఆగేది. నిన్న నవ్వాడా? నవ్వాడు. చేతికి రబ్బరు పట్టీ కట్టి నరం వెతుకుతుంటే, "నాకే గుచ్చుడు నేర్సినవా" అని నవ్వాడు. దగ్గలేదు. నవ్వు సగంలో ఆపి ఊపిరి తీసుకున్నాడు. అది కూడా ఆమె చూసింది.

నిన్న పొద్దున పది గంటలు. వైండింగు తీగ కోసం వచ్చాను, ఛాతిలో జర మంటగా ఉంది, రాత్రి నుంచే, గ్యాసు అయి ఉంటుంది అన్నాడు. పై పెదవి మీద చెమట. సెప్టెంబరు ఉక్కపోతకు అందరికీ చెమటే. డాక్టర్ అనంతయ్య గారు ఈసీజీ తీయించాడు, గీతలు బాగానే ఉన్నాయి. ఆమె నెత్తురు తీసింది. కార్డు మీద రెండో గీత తేలలేదు. అదే నెత్తురు, నలభై ఒకటో నమూనా, మిషన్‌లో పెట్టింది. పెట్టి, పక్కన ఇంకెవరిదో మూత్ర పరీక్ష చూస్తూ పావుగంట గడిపింది. తిరిగి చూస్తే అరవై నాలుగు.

అప్పుడు ఏం జరిగింది? అప్పుడు ల్యాబులో ఏమీ జరగలేదు. ఫ్యాను తిరుగుతోంది, బయట ఎవరి బిడ్డో ఏడుస్తోంది. ఇంకో పట్టీ తీసి మళ్ళీ పెట్టడానికి పావుగంట చాలు. డబ్బాలో పట్టీలు ఉన్నాయి, చెయ్యి అక్కడి దాకా పోయింది. మళ్ళీ పెడితే మళ్ళీ అరవై నాలుగే వస్తే? ఆ ఆలోచన వచ్చింది, దాంతో చెయ్యి ఆగింది. మిషన్‌ను నమ్మక కాదు, నమ్మితే ఏం చెయ్యాలో తెలుసు కాబట్టి. నమ్మితే అంబులెన్సు, కర్నూలు, అబ్బా మంచం మీద, ముక్కులో గొట్టం, అమ్మీ దవాఖాన మెట్ల మీద. నమ్మకపోతే గ్యాసు గోలి. రిజిస్టర్ తీసి నలభై ఒకటి ఎదురుగా అరవై నాలుగు అని రాసింది, పక్కన గడిలో మిషన్ తప్పు అని రాసింది. అంత మంచి దస్తూరీతో రాసింది, ఒక్క అక్షరం వణకలేదు. బయటికి వచ్చేసరికి డాక్టరు అబ్బా భుజం తట్టి చెప్తున్నాడు, ఈసీజీ మంచిగుంది ఫకీర్ సాబ్, కార్డు గూడ మంచిగుంది, గోలి రాసిస్తున్న, మల్ల నొప్పి వస్తే రా. అబ్బా తలూపాడు. కానీ ఆయన చూపు డాక్టరు మీద లేదు, డాక్టరు వెనక నిలబడిన కూతురి మీద ఉంది.

"నీ మిషన్ ఏమంటుందే?"

పేషంటుకు చెప్పకూడదు అబ్బా, రూలు అనవచ్చు. ఆ మాట అన్నా ఆయన ఆగేవాడేమో, ఎందుకు చెప్పవు అని కూర్చునేవాడేమో.

"ఏం లేదు అబ్బా" అంది.

"ఇగ అయితే భయం లేదు" అని లేచాడు. చెప్పులు వేసుకున్నాడు. నలభై ఏళ్ళు ఇనుముతో, రాగితో మాట్లాడినవాడు, డాక్టరు మాట కంటే ఆ మాట మీద లేచాడు.

బస్సు బీచుపల్లి వంతెన ఎక్కింది. కింద కృష్ణ నిండుగా పోతోంది, పైన జూరాల నుంచి నీళ్ళు వదిలినట్టున్నారు, నీళ్ళ రంగు పల్చటి ఛాయ్ రంగు. ముసలామె లేచి నిలబడి ఒక రూపాయి నదిలోకి విసిరి దండం పెట్టుకుంది. ఫిర్దోస్ ఒళ్ళోని ఫోను తీసింది. జుబేర్‌కు కాదు. ఆమె వేళ్ళు ప్రశాంత్ నంబరు నొక్కాయి. ఎందుకో ఆమెకు తెలియదు, ఏదో ఒకటి ఇప్పుడే సరిచెయ్యాలి, సరిచెయ్యగలిగింది ఇదొక్కటే ఉంది అనిపించింది.

"చెప్పండి మేడం" అన్నాడు ప్రశాంత్.

"నిన్నటి నలభై ఒకటో నమూనా. రిజిస్టర్ల మిషన్ తప్పు అని రాసిన. అది తప్పు కాదు. మీరు ఒచ్చినప్పుడు అది కొట్టెయ్యాలె."

"ఎంత వచ్చింది?"

"అరవై నాలుగు."

"కార్డు?"

"గీత రాలె. ఈసీజీ గూడ మంచిగనే ఉండె."

"మరి తప్పు కాదని ఎట్లా తెలిసింది?"

"పేషంటు ఇయ్యాల చనిపోయిండు."

ఆ మాట ఇంతవరకూ ఎవరూ ఆమెతో అనలేదు. జుబేర్ అనలేదు, రుక్కమ్మ అనలేదు. వంతెన మీద, గాలి చప్పుడులో, తన గొంతులో తనే మొదటిసారి విన్నది. అవతలి నుంచి ప్రశాంత్ గొంతు వేగంగా వచ్చింది. "అంటే మనది ముందే పట్టుకుంది మేడం! ఈసీజీ కన్నా ముందు, కార్డు కన్నా ముందు! ఒక రోజు ముందు! ఆ మిగిలిన నెత్తురు దాచారా, ఫ్రిజ్జులో ఉందా? అది పారెయ్యకండి మేడం, నేను రేపు పొద్దున్నే..."

సంతోషం అది. దాచుకుందామనుకున్నా దాగనిది. రెండేళ్ళుగా ఎదురుచూసిన మాట వినపడినవాడి గొంతు. ఆమెకు కోపం రాలేదు. ఈ భూమ్మీద అబ్బా నెత్తురు నిజం చెప్పిందని తెలిసి సంతోషించిన మనిషి ఒకడున్నాడు, ఉండనీ అనిపించింది.

"ఆయన మా అబ్బా, ప్రశాంత్ గారూ" అంది. "బల్ల మార్చమన్న మనిషి."

అవతల ఊపిరి వినిపించింది. మేడం అన్నాడు. తర్వాత మళ్ళీ మేడం అన్నాడు. బస్సు వంతెన దిగింది, సిగ్నలు పోయి ఫోను దానంతట అదే ఆగిపోయింది.

పెబ్బేరు దగ్గరికి వచ్చేసరికి రోడ్డంతా పశువులు. సంత నుంచి తిరిగిపోయే ఎద్దులు, కొమ్ములకు కొత్త రంగు, మెడలకు కొత్త తాళ్ళు, కొన్నవాళ్ళు ముందు, అవి వెనక. బస్సు కదలడం లేదు. డ్రైవరు హారను కొడుతూనే ఉన్నాడు. ఆమె దిగి నడిచింది. ఎడ్ల మధ్య నుంచి, పేడ మధ్య నుంచి, ఎవరో తెలిసినవాళ్ళు ఆమెను చూసి పక్కకు జరిగి దారిస్తుంటే, ఆ దారిచ్చే తీరులోనే అంతా చెప్తుంటే. దుకాణం మీదుగా పోవాలి. షట్టరు సగం దించి ఉంది. కింద సందులోంచి మూడు మోటార్లు కనిపించాయి, రెండింటికి వార్నిషు మెరుస్తోంది, మూడోదానికి సగం తీగ చుట్టి, మిగతా తీగ నేల మీద రింగులు రింగులుగా పడి ఉంది. ఒక రైతు షట్టరు ముందు ఏం చెయ్యాలో తెలియక నిలబడి ఉన్నాడు.

ఇంటి ముందు మగవాళ్ళు కుర్చీల్లో, అరుగు మీద. సాయంకాలపు అసర్ నమాజు దగ్గర పడిందని ఎవరో అంటున్నారు. ఆమె కోసమే ఆగారు. జుబేర్ ఎదురొచ్చాడు, ఇరవై ఆరేళ్ళ మనిషి చిన్నపిల్లవాడిలా ముఖం పెట్టి, "పదకొండు గంటలకు ఆపా, తీగ సుట్టుకుంట సుట్టుకుంట పక్కకు ఒరిగిండు, నీళ్ళు తాగిస్త అని లోపటికి పోయిన, వచ్చెవరకు..." అని ఆగిపోయాడు. ఆమె వాడి తల నిమిరి లోపలికి పోయింది. స్నానం చేయించి, తెల్లబట్ట చుట్టి, ముఖం ఒక్కటే తెరిచి ఉంచారు. అత్తరు, కర్పూరం వాసన. గడ్డం దువ్వి ఉంది. గోళ్ళ సందుల్లో మరక పోయిందో లేదో చూద్దామంటే చేతులు బట్టలో ఉన్నాయి. అమ్మీ ఆయన తల దగ్గర చాప మీద కూర్చుని ఉంది. ఆమె ఏడవడం అయిపోయినట్టుంది, కళ్ళు ఎండిపోయి, పక్కన కూర్చున్న కూతురి వైపు తిరిగి, ఏదో ఊరి సంగతి చెప్పినట్టు మెల్లగా చెప్పింది.

"నిన్న ఇంటికొచ్చి ఎంత కుషీగ ఉండెనో. ‘డాక్టరు సూసిండు, బిడ్డ గూడ దాని మిషన్ల సూసింది, ఏం లేదంట’ అని ఎదురింటోళ్ళకు సుత చెప్పిండు. రెండు రొట్టెలు ఎక్కువ తిన్నడు."

చుట్టూ ఆడవాళ్ళు ఖురాను చదువుతున్నారు. ఎవరూ వినడం లేదు. తను నిజం చెప్పకపోయినా నడుస్తుంది. అమ్మీ బతికినన్నాళ్ళూ ఆ రెండు రొట్టెల మాట చెప్పుకుంటుంది, అట్లా చెప్పుకోనిస్తే పోయేదేముంది? కానీ ఆ మాట చెప్పినప్పుడల్లా తను పక్కన కూర్చుని తలూపాలి. ఏళ్ళకేళ్ళు.

"ఉండె అమ్మీ" అంది ఫిర్దోస్. "మిషన్ల ఉండె. గుండెకే దెబ్బ తగిలిందని చూపిచ్చింది. నేను నమ్మలె. మల్ల చూస్తె తెలిసేది, చూడలె. అబ్బా అడిగితె ఏం లేదని చెప్పిన."

అమ్మీ అబ్బా ముఖం మీద వాలిన ఈగను చేత్తో తోలింది. మళ్ళీ వాలుతుందేమోనని ఆ చెయ్యి కాసేపు అక్కడే గాలిలో ఉంచింది. బయట ఎవరో జనాజా లేపి తీసుకుపోదామని పిలిచారు. జుబేర్, ఇంకో ముగ్గురు మగవాళ్ళు గడప దాకా వచ్చి, ఆడవాళ్ళు పక్కకు జరగడం కోసం ఆగారు.

"నాకు చెప్పినవ్, సాలు" అంది అమ్మీ, జుబేర్ వైపే చూస్తూ, పెదవులు కదిలీ కదలకుండా. "వానికి చెప్పకు. నీళ్ళకు పోయినందుకే వాడు పొద్దుగాల్నుంచి తల కొట్టుకుంటుండు. వాని తప్పు వానికి ఉండనీ, నీది నీకు ఉండనీ. రెండు ఒక్కతాన కలిస్తె ఈ ఇంట్ల ఎవ్వరు బతకరు."

మగవాళ్ళు లోపలికి వచ్చారు. ముఖం మీద తెల్లబట్ట కప్పారు. లేపుతున్నప్పుడు ఆడవాళ్ళంతా ఒక్కసారి గొల్లుమన్నారు. అమ్మీ అరవలేదు. కూతురి మణికట్టు పట్టుకుంది, గాజులు లోపలికి గుచ్చుకునేంత గట్టిగా పట్టుకుంది. నమాజుకు నడిచిపోయే అడుగుల చప్పుడు సందు మలుపు దాటేదాకా పట్టుకునే ఉంది. నొప్పి పుడుతోంది. ఫిర్దోస్ చెయ్యి లాక్కోలేదు.